ఆదా అయ్యేది ఎవరి కూలి?

దివిసీమలో అదొక శివారు గ్రామం. పంచాయతీ కార్యాలయం ముందు షామియానా వేసి, తక్కువ నీటితో సాగు చేయడం గురించి అవగాహన సదస్సు పెట్టారు. వరిని నారు పోసి నాటే బదులు నేరుగా వెదజల్లితే కలిగే లాభాలను ఒక అధికారి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. నీరు ఆదా. కాలం ఆదా. విత్తనం ఆదా. కూలి ఖర్చు ఆదా. ముందు వరసల్లో కుర్చీల్లో కూర్చున్న రైతులు తలలూపారు. వెనక నేల మీద కూర్చున్న ఆడవాళ్ళలోంచి ఒకామె లేచింది. "ఆ మిగిలే కూలి మాదేగా బాబూ? అది పోయాక మేమేం తినాలో కూడా ఆ కాయితంలో రాశారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వి, "మీకు వేరే స్కీములున్నాయమ్మా" అంటూ తరువాతి అంశానికి వెళ్ళిపోయారు.

ఆ సదస్సుకు ఆడవాళ్ళను తీసుకువెళ్ళింది మేమే. "మహిళల భాగస్వామ్యం" అని చూపించుకోవడానికి హాజరు పట్టీలో వాళ్ళ సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నదీ మేమే. ఆమె ప్రశ్నకు ఆ రోజు నా దగ్గరా జవాబు లేదు. ఇన్నాళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

నదిలో నీరు తగ్గింది కాబట్టి నదిని నమ్ముకున్న ప్రజలు ఆర్థికంగా సర్దుకోవాలి, అందుకు మనం సాయపడాలి - ఈ మాట ఇప్పుడు ప్రభుత్వ పత్రాల్లోనూ, నిధులిచ్చే సంస్థల పత్రాల్లోనూ, మన స్వచ్ఛంద సంస్థల నివేదికల్లోనూ ఒకే రకంగా వినిపిస్తోంది. సర్దుకుపోవడమనే మాట స్త్రీలకు కొత్తది కాదు. అత్తింట్లో సర్దుకుపో, తాగి వచ్చిన మొగుడితో సర్దుకుపో, తక్కువ కూలితో సర్దుకుపో అని వింటూనే పెరిగాం. ఇప్పుడు ఎండిన కాలువతో కూడా సర్దుకుపొమ్మంటున్నారు. ఎవరు తీసుకున్న నిర్ణయాల వల్ల నీరు తగ్గింది? సర్దుకోవడానికి ఇచ్చే సాయం ఎవరి చేతికి వెళుతోంది? ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా చేసే సాయాన్ని నేను సాయం అనలేను.

నీరు తనంతట తాను తగ్గలేదు

కృష్ణా డెల్టాకు నీటి కరువు దేవుడిచ్చింది కాదు. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1952లో అది తెగిపోయాక 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చింది. సుమారు 13 లక్షల ఎకరాల సాగు ఆ నీటి మీద నిలబడింది. ఆ తరువాత ఎగువన మహారాష్ట్రలో కోయనా, ఉజ్జని, కర్ణాటకలో నారాయణపూర్, ఆలమట్టి, మన దగ్గర నాగార్జునసాగర్, శ్రీశైలం - ఒక్కొక్క ప్రాజెక్టు లేచిన కొద్దీ నది చివర ఉన్నవాళ్ళ వంతు వెనక్కి జరిగింది. ఎగువ ప్రాంతాల వాళ్ళకూ దాహం ఉంది, పొలం ఉంది. వాళ్ళకు నీళ్ళు వద్దని నేననడం లేదు. పంచిన పద్ధతి గురించే నా తగాదా.

బచావత్ ట్రిబ్యునల్ నదిలో నమ్మకంగా దొరికే నీటిని 2060 టి.ఎం.సి.లుగా లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. అందులో డెల్టాకు చూపించినది 181.2. కాగితం మీది ఈ నీరు ప్రతి ఏడూ కాలువలోకి రాలేదు. 2002లోనూ 2003లోనూ డెల్టాలో సార్వాకు నీళ్ళందక పొలాలు బీడు పడ్డాయి. 2010లో, 2013లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ తీర్పులు వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2023లో కేంద్రం అదే ట్రిబ్యునల్‌కు మళ్ళీ కొత్త విచారణాంశాలు అప్పగించింది. ఈ లోగా 2015లో పట్టిసీమ దగ్గర పంపులు పెట్టి గోదావరి నీళ్ళు కృష్ణలోకి మళ్ళించడం మొదలుపెట్టారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. అంటే నాట్లప్పుడు కాలువ ఎండుతుంది, మరో ఏడు అదే నది ఊళ్ళు ముంచుతుంది. రెండు సార్లూ పని పోయేది కూలికి వెళ్ళే మనిషికే.

ఈ తీర్పుల్లో, ఒప్పందాల్లో నీటికి కొలత ఉంది: టి.ఎం.సి. భూమికి కొలత ఉంది: ఎకరం. ఆ నీరు, ఆ భూమి కలిసిన చోట ఒంగి పనిచేసే స్త్రీ శ్రమకు మాత్రం కొలత లేదు.

కాలువ ఎండితే ఏం పోతుంది?

డెల్టా వరి పొలం స్త్రీలను ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ పిలుస్తుంది. నారు తీయడానికి, ఊడ్పులకు, కలుపుకు, కోతకు, కుప్పకు, ఆ తరువాత మినుము పీకడానికి. నీళ్ళుంటే దాళ్వాకు మరొకసారి. ఆడవాళ్ళు ముఠాగా కలిసి ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని నాట్లు వేస్తారు. ఏడాది మొత్తంలో చేతికి కాస్త గట్టిగా డబ్బు వచ్చేది ఆ కొన్ని వారాలే. పిల్లల ఫీజులు, పుస్తెలు విడిపించుకోవడం, కిరాణా కొట్టు బాకీ తీర్చడం అన్నీ ఆ డబ్బుతోనే.

నీరు ఆలస్యమైతే రైతు వెదజల్లుతాడు. ఊడ్పుల కూలి మొత్తం పోతుంది. కోతకు యంత్రం వస్తుంది. ఆ కూలీ పోతుంది. కలుపు మందు కొడితే మిగిలినదీ పోతుంది. నేను రైతును తప్పుపట్టడం లేదు. జూన్‌లో రావలసిన నీరు ఆగస్టులో వస్తే అతనికి మరో దారి లేదు. కానీ అతని నష్టం తగ్గించడానికి వేసిన ప్రతి అడుగూ ఆమె నష్టాన్ని పెంచింది. దాన్ని "ఆదా" అనే పద్దు కింద రాసుకుంటున్నాం!

ఇక కాలువ చివరి ఊళ్ళలో, నాగాయలంక, కోడూరు వైపు, మంచినీరు పైనుంచి రాకపోతే ఉప్పునీరు కింద నుంచి వస్తుంది. భూమి చౌడు బారుతుంది. చౌడు బారిన భూమిని రొయ్యల చెరువుకు కౌలుకిస్తారు. దీనికి "ప్రత్యామ్నాయ జీవనోపాధి" అని పేరు. ఎవరికి ప్రత్యామ్నాయం? నలభై మంది ఆడవాళ్ళు ఒంగి నాటిన చెక్కలో ఇప్పుడు ఒక కాపలాదారుడు, మేత చల్లే ఇద్దరు కుర్రాళ్ళు. ఆ చెరువు ఉప్పు ఊటకు పక్క పొలం కూడా పోతుంది. 1990ల మొదట్లో కోస్తా అంతటా రొయ్యల చెరువులు తవ్వారు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి అవి తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద తీర్పు ఇస్తూ, మూతపడేచోట పనిచేసేవారికి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. మరి ఆ చెరువులు రాకముందు అదే నేలలో నాట్లు వేసిన స్త్రీలకు? వాళ్ళ పని పోయిందని ఏ కోర్టు ముందూ ఎవరూ చెప్పలేదు.

కాలువతో పాటే పోయేది మరొకటుంది. ఆ ఊళ్ళలో బావి నీళ్ళు ఉప్పు. కాలువ నీళ్ళతో నింపిన ఊరి చెరువే తాగడానికి దిక్కు. చెరువు నిండకపోతే డబ్బా నీళ్ళు కొనాలి, లేదా బిందె పట్టుకుని నడవాలి. కూలి పోయిన రోజునే నీళ్ళకు డబ్బు పెట్టడం కూడా మొదలవుతుంది. నది చేపలు బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే స్త్రీలకు బుట్ట సగమే నిండుతుంది. వీటిలో ఏదీ పంట నష్టం అంచనాల్లోకి రాదు.

పాసు పుస్తకం ఉన్నవాడికే నష్టం

నష్టాన్ని ఎలా అంచనా కడతారో చూడండి. పెట్టుబడి రాయితీ ఎకరాల లెక్కన. పంటల బీమా ఎకరాల లెక్కన. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కిసాన్ సమ్మాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబాలకే. కౌలుదారుకు హక్కు ఇస్తామని 2019లో మన రాష్ట్రం తెచ్చిన చట్టం కూడా కార్డుకు యజమాని సంతకం అడిగింది. యజమాని సంతకం పెడితే కదా! కౌలుకు చేసేది భార్యాభర్తలిద్దరైనా కార్డు మీద పేరు సాధారణంగా అతనిదే. ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. అయినా పాసు పుస్తకం మీద ఆమె పేరు ఎక్కడం ఎన్ని ఇళ్ళలో జరిగిందో మనందరికీ తెలుసు. అసలు భూమే లేని దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళలో ఆ హక్కు దేని మీద?

నీటి గురించి నిర్ణయాలు చేసే చోటా ఇదే వరస. 1997లో రైతులే సాగునీటిని నడుపుకుంటారని చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పరిచారు. ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంది. దేశమంతా మనల్ని ఆదర్శం అంది. ఆ సంఘంలో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి సాగుచేసేవారికి. చెరువు నీళ్ళు మోసే ఆమెకు, కాలువ గట్టున గేదెను మేపుకునే ఆమెకు, నాట్లు వేసే ఆమెకు ఓటు లేదు. కాలువ ఎప్పుడు వదలాలి, ముందు ఏ ఊరికి వంతు, చెరువు ముందా చేను ముందా అని మాట్లాడుకునే చోట ఆమెకు కుర్చీ కాదు, నేల మీద కూడా చోటు లేదు. సర్దుకోమనేటప్పుడు మాత్రం ఆమెను ముందు పిలుస్తారు.

2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు ధర కోసం క్రాప్ హాలిడే ప్రకటించారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. పత్రికలన్నీ రాశాయి. అది నీటి కరువు కాదు, ధర కరువు. అయినా ఒక విషయం అక్కడ స్పష్టమైంది. రైతు సాగు మానితే అది దేశానికి వార్త అవుతుంది. ఆ పొలంలో పని పోయిన ఆడకూలీ ఇంట్లో పొయ్యి వెలగకపోతే అది ఎవరికీ వార్త కాదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం

ఇంతవరకూ రాసింది చదివి ప్రభుత్వాన్ని తిట్టుకుని పక్కన పెట్టేస్తే ఈ వ్యాసం రాసిన ప్రయోజనం లేదు. మనమేం చేశాం?

మా సంస్థకు నిధులు వచ్చినపుడు మేము కుట్టు మిషన్లు ఇచ్చాం. మూడు నెలలు శిక్షణ, సర్టిఫికెట్టు, ఫోటో. ఒకే ఊరిలో ఇరవై మందికి పైగా కుట్టు నేర్చుకున్నారు. పంట లేని ఏడాది ఆ ఊరిలో కొత్త జాకెట్టు ఎవరు కుట్టించుకుంటారు? ఆ ఆలోచన మాకు రాలేదు. మిషన్లు కొన్ని అమ్ముడుపోయాయి. కొన్ని మంచం పక్కన దుప్పటి కప్పుకుని ఉన్నాయి. మా నివేదికలో మాత్రం వాళ్ళందరూ "స్వయం ఉపాధి పొందిన మహిళలు". ఆ నివేదిక రాసింది నేనే.

మరికొన్ని చోట్ల అప్పులిప్పించాం. గేదెకు అప్పు, కిరాణా కొట్టుకు అప్పు, పచ్చళ్ళకు అప్పు. పని పోయిన మనిషికి పని బదులు అప్పు ఇవ్వడాన్ని సాధికారత అన్నాం. ఆ అప్పు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్ళక్కరలేదు. 2006 మార్చిలో ఈ కృష్ణా జిల్లాలోనే సూక్ష్మ రుణ సంస్థల శాఖలు 50కి పైగా అధికారులు మూయించవలసి వచ్చింది. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వాయిదా కట్టలేని ఆడదాని ఇంటి ముందు కూర్చుని పరువు తీసే వసూళ్ళను మనలో చాలామంది కళ్ళారా చూశాం. అయినా ఈనాటికీ "జీవనోపాధి ప్రణాళిక" అని రాయగానే మన చేయి ముందుగా రాసేది రుణం అనే మాటే.

మిషన్లు చెడ్డవని కాదు, శిక్షణ వద్దనీ కాదు. పోయింది ఏమిటో లెక్కించకుండా, దాని బదులు ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపడం చెడ్డది. పోయింది హక్కు. మనం ఇచ్చింది దయ.

పనిదినాన్ని లెక్కించండి

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీరు తగ్గినందువల్ల జరిగే నష్టాన్ని ఎకరాల్లోనే కాదు, పోయిన పనిదినాల్లో కూడా కొలవాలి. ఎకరానికి పరిహారం ఉన్నట్టే పనిదినానికీ పరిహారం ఉండాలి. అది కుటుంబ పెద్ద పేరున కాక పని పోయిన స్త్రీ పేరున, ఆమె సొంత ఖాతాలో పడాలి.

ఇది జరిగే పని కాదంటారు. జరిగిన పనులు చూపిస్తాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు వేటకు వెళ్ళేవారికి మన ప్రభుత్వం 2019లో 10,000 రూపాయల చొప్పున, 2025లో 20,000 చొప్పున భృతి ఇచ్చింది. పని లేని రోజులకు ప్రభుత్వం బాధ్యత వహించాలనే సూత్రం ఇక్కడ ఒప్పుకున్నట్టే కదా! చేపలు అమ్మే స్త్రీని అందులో చేర్చకపోవడం ఆ భృతిలోని లోపం. 2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేని వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, నీటి వనరుల మీద బతికే మత్స్యకారులను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. ఇదే కృష్ణ ఒడ్డున, 2015లో రాజధాని కోసం భూములు తీసుకున్నపుడు, భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. భూమి తీసుకుంటే కూలీ నష్టపోతుందని ఒప్పుకున్నవారు, నీరు తీసుకుంటే నష్టపోతుందని ఎందుకు ఒప్పుకోరు?

"ఎవరు కూలీనో ఎలా తెలుస్తుంది? దొంగ పేర్లు రాయిస్తారు" అంటారు. 2005 ఉపాధి హామీ చట్టం కింద ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళ పేర్లు, వాళ్ళ పనిదినాలు జాబు కార్డుల్లో ఉన్నాయి. ముఠాల్లో ఎవరెవరు ఉన్నారో ఊరందరికీ తెలుసు. గ్రామసభలో పేర్లు చదివి వినిపిస్తే చాలు. పాసు పుస్తకాల్లో దొంగ పేర్లు లేవా? ఆ కారణంగా రైతులకు పరిహారం ఆపారా?

"ఉపాధి పనులు ఉన్నాయిగా" అంటారు. 2005 చట్టం, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని రాసుకుంది. ఆ భృతి చేతికందిన స్త్రీని నేనింతవరకు కలవలేదు. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 125 రోజులు అంటూనే, విత్తే కాలంలోనూ కోతల కాలంలోనూ కలిపి 60 రోజులు పనులు ఆపవచ్చంది. పొలాల్లో పని దొరుకుతుందన్న ఊహతో పెట్టిన నిబంధన అది. మరి కాలువ రాని ఏడాది పొలంలో పని ఎక్కడుంది? నీరు లేక పొలం పనీ లేక, నిబంధన వల్ల ఉపాధి పనీ లేక, ఆమె ఆ రెండు నెలలు ఏం చేయాలి? కాలువలకు నీళ్ళు రాని మండలాల్లో ఈ విరామం వర్తించకూడదని మనం ఇప్పుడే అడగాలి.

"రైతుకు, కూలీకి తగవు పెడుతున్నారు" అనేవారు కూడా ఉన్నారు. మన ఉద్యమాల్లోనే ఉన్నారు. రైతుకు ఇచ్చేది తీసి కూలీకి ఇమ్మని నేను అడగడం లేదు. చిన్న రైతు, కౌలు రైతు ఇంట్లోని స్త్రీ కూడా పక్క పొలంలో నాట్లు వేసే స్త్రీయే. నదిని పంచిన వాళ్ళనూ, ఆ నీటితో లాభపడిన నగరాలనూ, పరిశ్రమలనూ బాధ్యత తీసుకోమని ఇద్దరం కలిసి అడుగుదాం. నోరు మూసుకుని ఉంటేనే ఐక్యత అనుకుంటే, ఆ ఐక్యత ఖరీదు ఎప్పుడూ మనమే చెల్లిస్తున్నాం.

మన డిమాండ్లు ఇవి:

1. కాలువకు నీళ్ళు వదలని లేదా ఆలస్యంగా వదిలిన ప్రతి సీజనులో, ఆ ఆయకట్టులో పోయిన పనిదినాలకు వ్యవసాయ కూలీ స్త్రీలకు వ్యక్తిగతంగా పరిహారం ఇవ్వాలి.

2. నీటి పొదుపు సాగు, పంట మార్పిడి, యంత్రాలకు రాయితీ - ఏ పథకమైనా మంజూరు చేసేముందు దానివల్ల ఎన్ని పనిదినాలు పోతాయో, అవి ఎవరివో రాయాలి. ఆ పనికి బదులు చూపించాలి.

3. 1997 చట్టాన్ని సవరించి, నీటి సంఘాల్లో భూమి లేని స్త్రీలకు ఓటుతో కూడిన సభ్యత్వం ఇవ్వాలి.

4. కాలువ వదిలినపుడు ముందు మంచినీటి చెరువులు నింపాలి. ఆ తరువాతే చేలు.

5. కాలువల మరమ్మతు పనులు, ఊరి చెరువుల్లో చేపల హక్కు, లంక భూముల కౌలు స్త్రీల సంఘాలకు ఇవ్వాలి. వరి భూమిని చెరువుగా మార్చడానికి గ్రామసభలో కూలీ స్త్రీల సమ్మతి కావాలి.

6. నష్టపోయిన వారికి అప్పు ఇచ్చి దాన్ని సాయం అనడం ప్రభుత్వమూ మానాలి, మనమూ మానాలి.

సోదరీమణులారా, వీటిలో మొదటి అడుగుకు ఏ నిధులూ అక్కరలేదు. మీరు పనిచేసే ఊరిలో ఈ సార్వాకు ముఠాలతో కూర్చోండి. నీళ్ళు బాగా వచ్చిన ఏడు ఎన్ని రోజులు పనికి వెళ్ళారు, పోయిన ఏడు ఎన్ని రోజులు వెళ్ళారు, ఎంత కూలి వచ్చింది అని ఒక్కొక్కరి పేరున రాయండి. కోపం ఒక్కటే సరిపోదు, మన దగ్గర లెక్క ఉండాలి. ఎకరాల లెక్క వాళ్ళ దగ్గర తయారుగా ఉంటుంది. పనిదినాల లెక్క మనం రాస్తే తప్ప ఎవరూ రాయరు. మేము రెండు ఊళ్ళలో మొదలుపెట్టాం.

సదస్సులో ఆ ప్రశ్న అడిగిన ఆమె దగ్గరకు నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి హాజరు పట్టీ తీసుకువెళ్ళలేదు, తెల్లకాగితాల పుస్తకం పట్టుకెళ్ళాను. తన ముఠాలో వాళ్ళ పేర్లు ఆమే చెప్పింది, నేను రాశాను. చివర "దీనివల్ల డబ్బులొస్తాయా అమ్మా?" అని అడిగింది. ఇప్పుడే రావని చెప్పాను. కాస్సేపు ఆలోచించి, "సరే, రాయండి. మాకూ నష్టం వచ్చిందని ఎక్కడో ఒకచోట ఉండాలిగా" అంది.